మా రోజుల్లో ప్రాజెక్టుకి ప్రాణం ఉండేది

మా రోజుల్లో సైన్స్ ఫెయిర్ జరిగే హాల్లో అడుగు పెట్టగానే ముందు వాసన తగిలేది. చెరువు నీళ్ళ వాసన, నాచు వాసన, ఎవరో మూత సరిగ్గా బిగించని ఫార్మలిన్ సీసా ఘాటు, ఓ మూల గంపలో గుడ్ల మీద కూర్చున్న కోడిపెట్ట వాసన. ఇప్పుడు ఏ బడికి వెళ్ళినా ఫెవికాల్ వాసన, రంగు స్ప్రే వాసన. ఊపిరి తీసుకునే ఎగ్జిబిట్ ఒక్కటి కనబడదు. ‘జంతువులు - జీవితకాలం’ అని ఫ్లెక్సీ కట్టిన బల్ల మీద కూడా కనబడదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

నేను గోదావరి జిల్లాల్లో, జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో బయాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. ఏటా చలికాలంలో ఎవరో ఒకరు జడ్జిగా రమ్మంటారు, వెళ్తాను. ఈమధ్య వెళ్ళిన చోటల్లా అదే చార్టు. థర్మోకోల్ పలక మీద రంగు ప్రింటౌట్లు అంటించి, ఒక్కో బొమ్మ కింద ఒక్కో అంకె వేస్తారు. ఈగ 28 రోజులు, ఎలుక 2 ఏళ్ళు, కుక్క 13 ఏళ్ళు, ఏనుగు 70 ఏళ్ళు, తాబేలు 150 ఏళ్ళు, గ్రీన్‌లాండ్ షార్క్ 400 ఏళ్ళు. పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని ‘గుడ్ మార్నింగ్ రెస్పెక్టెడ్ జడ్జెస్’ అని మొదలుపెట్టి, గుక్క తిప్పుకోకుండా అంతా అప్పజెప్పేస్తుంది. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోవాల్సిందే. అయినా నేను ఆపుతాను.

“ఏనుగు డెబ్బై ఏళ్ళు బతుకుతుందని ఎలా తెలిసిందమ్మా? ఎవరు లెక్కపెట్టారు?”

“గూగుల్‌లో ఉంది సార్.”

“గూగుల్‌కి ఎవరు చెప్పారు?”

పిల్ల గైడ్ టీచర్ వంక చూస్తుంది. ఆ టీచరమ్మ తల వంచుకుంటుంది. ఆ పిల్ల తప్పని నేననను. తనకి అంకె ఇచ్చారుగానీ, ఆ అంకె ఎలా పుట్టిందో ఎవరూ చెప్పలేదు. ఒక ప్రాణి ఎన్నాళ్ళు బతుకుతుందో తెలియాలంటే, ఎవరో ఒకరు అన్నాళ్ళూ దాని పక్కన కాచుకుని ఉండాలి. లేదంటే దాని పంట్లోనో పొలుసులోనో కంట్లోనో కాలం వదిలిన గుర్తు వెతికి పట్టుకోవాలి. మూడో దారి లేదు. బడి పిల్లలకి నేర్పాల్సింది ఆ కాచుకోవడం, ఆ వెతకడం. మేం నేర్పింది అదే, ఇప్పుడు బళ్ళు మానేసింది కూడా అదే.

ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు 1971లో ఢిల్లీలో జాతీయ స్థాయి సైన్స్ ఎగ్జిబిషన్ మొదలుపెట్టాక ఆ ఊపు మెల్లగా జిల్లాలకి, మండలాలకి (అప్పట్లో తాలూకాలు, సమితులు) దిగింది. మా దగ్గర డబ్బు లేదు. హార్లిక్స్ సీసాలు, పగిలిన కుండలు, లాంతరు చిమ్నీలు, చెప్పుల డబ్బాలు, ఇంట్లో అమ్మ పాతచీర ముక్కలు, ఇవే పరికరాలు. లాంతరు చిమ్నీని మట్టికుండీలో నాటిన నిమ్మ కొమ్మ మీద దించి, పైన గుడ్డ కట్టేస్తే గొంగళిపురుగుకి గది తయారు. ఆ గదిలో నిమ్మ సీతాకోకచిలుక పుట్టి పెరగడం చూసిన పిల్లలు ఇవాళ తాతలైనా నాకు ఫోన్ చేసి ఆ మాట ఎత్తుతారు. చిన్నప్పుడు ఆ పురుగు ఆకు మీద పిట్ట రెట్టలా ఉంటుంది, పొడుచుకు తినే పిట్ట దాన్ని చూసి వదిలేసి పోవాలని. చివరిసారి కుబుసం విడిచాక ఒక్కసారిగా ఆకుపచ్చ రంగుకి తిరుగుతుంది. చీపురుపుల్లతో మెడ దగ్గర ముట్టుకుంటే నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి చాపి ఘాటు వాసన వదులుతుంది. ఆ వాసన ఎలా ఉంటుందో ఏ వీడియో చెప్పగలదు?

ఆరుద్ర కార్తె వచ్చేది జూన్ ఆఖర్లో. తొలకరి పడి నేల తడిసిన మర్నాడు ఎర్రటి ఆరుద్ర పురుగులు ఇసకలో పాకుతుంటే, పిల్లలు అగ్గిపెట్టెల్లో గడ్డి వేసి వాటిని తెచ్చేవాళ్ళు. రెండు మూడు రోజుల్లో అవి చచ్చేవి. ఆరో తరగతి పిల్ల ఒకత్తి ఏడుస్తూ వచ్చి, “గడ్డి వేశానుకదండీ మాస్టారూ, ఎందుకు చచ్చిపోయిందండీ?” అంది. అక్కణ్ణుంచి మొదలైంది పాఠం. దాని కాళ్ళు లెక్కపెట్టమన్నాను. ఎనిమిది. అంటే కీటకం కాదు, సాలీడుకి దగ్గర చుట్టం. గడ్డి తినదు, మట్టిలో ఉండే చిన్న చిన్న పురుగుల్నీ వాటి గుడ్లనీ తింటుంది. పిల్లదశలో మిడతలకి అంటుకుని వాటి రక్తం పీలుస్తుంది, అప్పుడు కాళ్ళు ఆరే. “మరి వానలు పోయాక ఎక్కడుంటాయండీ?” అని ఆ పిల్లే అడిగింది. ఏడాదిలో చాలా భాగం నేల కిందే. మనం చూసే ఆ రెండు మూడు రోజులు దాని బతుకులో ఒక చిన్న ముక్క. ఆ సంగతి ఆ పిల్ల అడిగి తెలుసుకుంది. చార్టులో ఉంటే అడిగేదా?

అందరికంటే నాకు బాగా గుర్తున్నవాడు కాలవగట్టు మీద పూరింటి నుంచి వచ్చే ఎనిమిదో తరగతి కుర్రాడు. తొలకరికి బడి వెనక గుంటలో నీళ్ళు చేరితే, అక్కడ కప్పగుడ్లు రెండు రకాలు కనిపెట్టాడు. ఒకటి జిగురు తాళ్ళుగా, లోపల నల్లపూసలు గుచ్చినట్టు, గడ్డి కాడలకి చుట్టుకుని ఉంది. రెండోది నీటి మీద పొరగా పరుచుకుని ఉంది. రెండూ రెండు కుండల్లో వేశాడు. తాళ్ళు పెట్టింది గోడల వార గెంతే గరుకుతోలు కప్ప. పొర పెట్టింది వానాకాలంలో పసుపు రంగుకి తిరిగి ఊరంతా వినబడేలా అరిచే పెద్ద కప్ప. వాడికి ఆ పేర్లేవీ తెలియవు. రోజూ పొద్దున్నే రెండు కుండల్లోనూ తోకకప్పల్ని చిల్లుల గరిటెతో ఎత్తి లెక్కపెట్టి, నోటుబుక్కులో వెయ్యడం మాత్రం తెలుసు.

వారం తిరిగేసరికి రెండో కుండలో లెక్క తగ్గడం మొదలైంది. చచ్చినవి తేలి కనబడాలి కదా, కనబడలేదు. నీళ్ళు మార్చాడు, తగ్గాయి. నీడకి జరిపాడు, తగ్గాయి. పిల్లి తాగుతోందేమోనని తాటాకు కప్పాడు, అయినా తగ్గాయి. ఓ రాత్రి కుండ దగ్గరే బుడ్డి దీపం పెట్టుకుని కూర్చున్నాడు. మర్నాడు ప్రార్థన కూడా కాకముందే స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“మాస్టారండీ, దొంగ కుండలోనే ఉన్నాడండీ.”

పెద్ద తోకకప్ప చిన్నదాన్ని తోక పట్టి మింగడం వాడు కళ్ళారా చూశాడు. ఆ జాతి తోకకప్పలు తోటివాటిని తినేస్తాయి. నేను డిగ్రీలో చదివాను, చూడలేదు. వాడు చదవలేదు, చూశాడు. ఇక ఆపైన ఉడికించిన తోటకూర మొదటి కుండకి, ఉడికిన గుడ్డు సొన రెండో కుండకి పెట్టి, పెద్దవాటిని వేరు చేసి పెంచాడు. వెనకకాళ్ళు ముందు వస్తాయని పుస్తకంలో ఉంటుంది. ముందుకాళ్ళు లోపలే తయారై, తర్వాత ఒక పక్క మోచెయ్యి తోలు చీల్చుకుని వస్తుందని, రెండోది కాస్త ఆగి వస్తుందని వాడి నోటుబుక్కులో ఉంది. తోక కరిగే రోజుల్లో తిండి ముట్టవనీ రాశాడు. ఆ దశలో ఎక్కి కూర్చోడానికి ఓ రాయి వెయ్యకపోతే మునిగి చస్తాయని, కొన్ని చచ్చాకే తెలుసుకున్నాడు.

జడ్జీగా వచ్చిన ఆయన వాణ్ణి అడిగిన ప్రశ్న నాకింకా గుర్తే. మా బడి లైబ్రరీలో ఉన్న ఇంగ్లీషు పుస్తకంలో గుడ్డు నుంచి కప్పయ్యేదాకా పన్నెండు వారాల పైనే పడుతుందని ఉంది. నీ గరుకుతోలు కప్ప నెలా నెలన్నరలో గుంట దాటిపోయిందని రాశావు, ఏది నిజం? వాడు ఏమాత్రం తడుముకోలేదు. “రెండూ నిజమేనండి. వాళ్ళ చెరువు ఎండిపోదేమోనండి. మా గుంట ఎండిపోద్దండి.” ఆ పుస్తకంలోది చలిదేశపు కప్ప. చన్నీళ్ళలో నిదానంగా పెరుగుతుంది. మన గుంట వెచ్చన, పైగా ఎప్పుడు ఇంకిపోతుందో తెలియదు. ఇక్కడ నిదానించిన కప్పకి సంతానం మిగలదు. ఎనిమిదో తరగతి పిల్లాడు ఆ మాట అనగలిగాడంటే, వాడు వానాకాలమంతా ఆ కుండల పక్కన కూర్చున్నందుకే. ఇవాళ్టి చార్టుల్లో చూడండి, ఇంకా ఆ పన్నెండు వారాలే ఉంటాయి, బొమ్మలో యూరప్ కప్పే ఉంటుంది.

ఆ రోజుల్లో వయసు చూడ్డం తెలిసినవాళ్ళు ఊరి నిండా ఉండేవాళ్ళు. బడి గోడ బయట ఉన్న ఆ చదువుని మేం ఫెయిర్‌లోకి తెచ్చాం. సంతలో దళారులు కండువా కింద చేతులు కలిపి బేరం ఆడే ముందు, ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసేవాళ్ళు. ఒక పిల్లాణ్ణి ఆదివారం సంతకి పంపాను. పశువుకి పైన ముందు పళ్ళుండవన్న సంగతే వాడికి అంతవరకూ తెలియదు, ఇంట్లో గేదె ఉండి కూడా. కింది దవడలో రెండు, రెండున్నర ఏళ్ళకి మొదటి జత పాలపళ్ళు ఊడి పెద్దపళ్ళు వస్తాయి. అక్కణ్ణుంచి కాస్త అటూ ఇటుగా ఏడాదికో జత చొప్పున, అయిదేళ్ళు వచ్చేసరికి ఎనిమిదీ నిండుతాయి. ఆ తర్వాత అరుగుదల చూసి చెప్పాలి. ఆవుకైతే కొమ్ము మీద ఈతకో ఉంగరం చొప్పున తేలుతుంది. ఆ కుర్రాడు దళారి చెప్పిన వయసూ రైతు చెప్పిన వయసూ పక్కపక్కన రాసి, తేడా వచ్చిన పశువుల పళ్ళ బొమ్మలు గీసుకొచ్చాడు. బల్ల మీద అలంకరణ ఏమీ లేదు, గేదె దవడ ఎముక ఒకటి, ఆ కాగితాలు. జనం మూగిపోయారు.

ఇప్పుడేమైంది? ఫెయిర్ ఫలానా తారీకున అని ఆర్డరు వచ్చేదే వారం, పది రోజుల ముందు. బడిలో ఉన్న ఆ ఒక్క బయాలజీ టీచరు అప్పటికే యాప్‌లలో హాజరు, భోజనాల లెక్క, మరుగుదొడ్డి ఫొటోలు ఎక్కించడంలో మునిగి ఉంటాడు. పిల్ల ఇంటికెళ్ళి చెబుతుంది. నాన్న టౌన్లో స్టేషనరీ షాపుకి తీసుకెళ్తాడు. అక్కడ ఆరేడు వందలిస్తే రెడీమేడ్ ‘లైఫ్ సైకిల్ ఆఫ్ బటర్‌ఫ్లై’ దొరుకుతుంది, ప్లాస్టిక్ ఆకు మీద ప్లాస్టిక్ పురుగు. అదే షాపు నుంచి మరో నాలుగు బళ్ళకి అదే ఆకు, అదే పురుగు వెళ్తాయి. ఒకే హాల్లో పక్కపక్కన పెట్టి ఉండగా చూశాను. చెప్పే మాటలు కూడా అక్షరం పొల్లుపోకుండా ఒకటే.

మార్కుల దగ్గరికొస్తే మరీ బాధ. ఈమధ్య ఒక బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి పెరట్లో కరివేపాకు చెట్టు మీద గుడ్డు చూసిన దగ్గర్నుంచి రెక్కలు ఆరబెట్టుకుని ఎగిరేదాకా, అమ్మ ఫోన్‌తో రోజుకో ఫొటో తీసి, తేదీలు వేసి పుస్తకం కుట్టుకొచ్చింది. రెండు ప్యూపాల్లోంచి సీతాకోకచిలుక బదులు కందిరీగలాంటి చిన్న పురుగులు బయటికొచ్చాయని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. అవి గొంగళిపురుగు ఒంట్లోనే గుడ్డు పెట్టే పరాన్నజీవులు. శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి కూర్చుని చూసే సంగతి ఆ పిల్ల పెరట్లో పట్టుకుంది. ‘వర్కింగ్ మోడల్ లేదు’ అని ఆ అమ్మాయికి కన్సొలేషన్ ఇచ్చారు. మొదటి బహుమతి మూత దానంతటదే తెరుచుకునే చెత్తబుట్టకి. ఆ బుట్ట మీద నాకేం కోపం లేదు. కానీ ప్రాణమున్న దానికంటే పనిచేసే మోడల్ ఏముంటుందని తోటి జడ్జీలతో గట్టిగానే వాదించాను. నా మాట నెగ్గలేదు.

ఆ చార్టుల్లో అంకెలు కూడా చూడండి. గ్రీన్‌లాండ్ షార్క్ 400 ఏళ్ళట. 2016లో ఆ సంగతి బయటపెట్టినవాళ్ళు 28 షార్కుల కంటి కటకాలు తీసి, పుట్టినప్పుడు ఏర్పడి జీవితాంతం మారకుండా మిగిలే నడిమి భాగంలో రేడియోకార్బన్ కొలిచారు. అన్నిట్లోకీ పెద్దది, అయిదు మీటర్ల ఆడది, 392 ఏళ్ళు అన్నారు, దానికి 120 ఏళ్ళు ఇటైనా అటైనా కావచ్చన్నారు. అంటే 272 కావచ్చు, 512 కావచ్చు. ఆ 120 చార్టులోకి ఎక్కలేదు. సైన్సంతా ఆ 120లో ఉంది. ఎంతవరకు ఖాయం, ఎక్కణ్ణుంచి అంచనా అని చెప్పడమే కదా మనం పిల్లలకి నేర్పాల్సింది!

పిచ్చుక బతుకు మూడేళ్ళని ఒక బల్ల మీద, పదమూడేళ్ళని పక్క బల్ల మీద ఉంటుంది. ఇద్దరు పిల్లలూ ఒకరినొకరు చూసుకోరు, జడ్జీలూ అడగరు. పిచ్చుక పిల్లల్లో ఎక్కువ భాగం మొదటి ఏడాది గడవకుండానే పోతాయి. అన్నీ కలిపి సగటు తీస్తే అంకె చిన్నది. కాలికి రింగు తొడిగి వదిలిన వాటిలో పదేళ్ళు దాటినవీ దొరికాయి, అది గరిష్ఠం. సగటుకీ గరిష్ఠానికీ తేడా తెలియని పిల్ల రేపు జనాభా లెక్కలు చదివినా బోల్తా పడుతుంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ దగ్గర ఉండేది. అంటే ముప్పై రెండేళ్ళకే అందరూ పోయేవాళ్ళని కాదు, పురిట్లో, పసితనంలో పోయిన పిల్లలు ఆ సగటుని కిందికి లాగేశారని. మా తాతలు ఎనభై దాకా నిక్షేపంగా బతికారు. పిచ్చుక చార్టు సరిగ్గా చెబితే ఈ పాఠం కూడా అక్కడే వచ్చేస్తుంది.

మన పెద్దల మాటలు కూడా పరీక్షకి పెట్టేవాళ్ళం. కాకిలా కలకాలం బతికేకంటే హంసలా ఆర్నెల్లు బతికితే చాలంటారు. నీతి మంచిదే, లెక్క మాత్రం తిరగబడింది. హంసజాతి పక్షులు ఇరవై ఏళ్ళు దాటి బతుకుతాయి, మన ఊరి కాకికి అంత ఆయుష్షు చాలా అరుదు. తొలకరి సాయంత్రం దీపం చుట్టూ చేరే ఉసిళ్ళది ఒక్కపూట బతుకంటారు. నిజానికవి చెదల పుట్టలోంచి లేచిన రెక్కల చెదపురుగులు. తొండకీ పిట్టకీ దొరక్కుండా మిగిలి, జతకట్టి, నేలలో దూరిన ఆడది రాణి అవుతుంది. ఆ రాణి పదేళ్ళు దాటి కూడా బతుకుతుంది. పురుగుల్లోకెల్లా దీర్ఘాయువుల్లో ఒకదాన్ని పట్టుకుని మనం ఒక్కపూట జీవి అంటున్నామన్నమాట. మా పిల్లలు ఇంట్లో అమ్మమ్మతో ఈ విషయం మీద పోట్లాడి వచ్చేవాళ్ళు.

ఇంకో సంగతి. భీమవరం చుట్టుపక్కల బళ్ళ పిల్లలు ఎక్కడో గాలాపగోస్ తాబేలు బొమ్మ అంటించుకొస్తారు. ఇంటి వెనక చెరువులో వనామీ రొయ్య మూడు నాలుగు నెలల్లో పట్టుబడికి వస్తుంది, దాని సంగతి ఒక్కరూ రాయరు. తణుకు వైపు కోళ్ళఫారాలున్నాయి. నాటు కోడిపెట్ట అయిదారేళ్ళకి పైగా బతకగలదు, బ్రాయిలర్ నలభై రోజుల చుట్టూ కోతకి పోతుంది, గుడ్ల కోడి ఏడాదిన్నర తిరిగేసరికి ఫారం నుంచి బయటికి వెళ్ళిపోతుంది. ఒక ప్రాణి బతకగలిగిన కాలం వేరు, మనం బతకనిచ్చే కాలం వేరు. ఈ ముక్క రాసిన చార్టు ఒక్కటి కనబడితే నేను మొదటి బహుమతి ఇస్తాను. పిల్లలకి ఇంటిపక్క ప్రాణి చిన్నతనమైపోయింది.

కాలం మారిందండీ, పిల్లలకి తీరిక లేదు అంటారు కొందరు. మా మనవరాలు న్యూజెర్సీలో చదువుతోంది. వాళ్ళ క్లాసుకి పోస్టులో చిన్న కప్పులో గొంగళిపురుగులు వస్తాయి, తిండితో సహా. పెయింటెడ్ లేడీ అనే సీతాకోకచిలుక, మన దేశంలోనూ తిరిగే రకమే. పిల్లలు అవి ప్యూపాలయ్యేదాకా, రెక్కలొచ్చేదాకా క్లాసులో పెట్టుకుని రోజూ డైరీ రాస్తారు. రాత్రి వీడియో కాల్లో “తాతగారూ, ఇవాళ తలకిందులుగా వేలాడింది” అని చూపించింది. కంప్యూటర్లు పుట్టించిన దేశంలో పిల్లలకి ఉన్న తీరిక మన పిల్లలకి ఎందుకు లేదో నాకు అర్థం కాదు. మనకైతే పోస్టు కూడా అక్కర్లేదు, కరివేపాకు చెట్టుంటే చాలు.

అప్పటిదంతా మంచేనని నేను చెప్పను. కప్పని మైనం పళ్ళెంలో గుండుసూదులతో బిగించి కోసే ప్రాక్టికల్స్ పోయాయి, చాలా మంచిదైంది. బతుకు గురించిన పాఠానికి చంపడంతో మొదలుపెట్టడం ఏనాడూ సరైంది కాదు. రామచిలకని పంజరంలో పెట్టినా, నక్షత్ర తాబేలుని పెంచినా నేరమని చట్టముంది, ఉండాల్సిందే. కానీ ఆ చట్టం పేరు చెప్పి బతికున్న పురుగుని కూడా బడి గేటు దాటనివ్వని హెడ్మాస్టర్లని చూస్తే కడుపు రగులుతుంది. గొంగళిపురుగుని, తోకకప్పని చూసి మళ్ళీ పట్టిన చోటే వదిలే పద్ధతి ఒకటుంది. మేం ఫెయిర్ అయ్యాక పిల్లల చేత అలాగే వదిలించేవాళ్ళం.

పెద్ద ప్రాణుల సంగతి వేరు. అక్కడ ఒక మనిషి జీవితం చాలదు. హైదరాబాద్ జూలో గాలాపగోస్ తాబేలు 2024 మార్చిలో చనిపోతే 125 ఏళ్ళని రాశారు. 1963లో బాగ్-ఎ-ఆమ్ నుంచి కొత్త జూకి తరలించిన వాటిలో అదొకటి. 1963 నుంచి ఇటు రిజిస్టరుంది, దానికి ముందరిది అంచనా. అదే పసిఫిక్‌లో మిడ్‌వే దీవి మీద చూడండి. చాండ్లర్ రాబిన్స్ అనే ఆయన 1956లో ఒక ఆల్బట్రాస్ కాలికి రింగు తొడిగాడు. 2002లో అదే దీవిలో ఒక పక్షిని పట్టుకుని పాత రింగు నంబరు చూసి రికార్డు తీస్తే, అది తను నలభై ఆరేళ్ళ కిందట రింగు తొడిగిన పక్షే. దాన్ని విజ్‌డమ్ అంటారు. 2024 చివర కూడా గుడ్డు పెట్టింది. తొడిగిన నాటికే ఎదిగిన పక్షి గనక డెబ్బై ఏళ్ళు దాటినట్టు లెక్క. ఆ లెక్కకి ఆధారం ఒక రింగు, ఒక రిజిస్టరు.

అలాంటి రిజిస్టరు మా బడిలోనూ ఉండేది. తొలి వాన ఏ రోజు, ఆరుద్ర పురుగు ఏ రోజు కనబడింది, చింతచెట్టు మీద కొంగలు గూళ్ళు ఎప్పుడు మొదలుపెట్టాయి, ఎన్ని గూళ్ళు, ఎన్ని పిల్లలు ఎగిరాయి. ఒక బ్యాచి పదో తరగతి పాసై వెళ్తూ కింది బ్యాచికి అప్పజెప్పేది. నేను బదిలీ అయ్యాక కొన్నాళ్ళకి కొత్త భవనం కడుతూ పాత కాగితాలతో పాటు దాన్నీ తూకానికి వేసేశారట. చింతచెట్టునీ కొట్టేశారు. వాతావరణం మారుతోందని ఇవాళ ప్రతి ఫెయిర్‌లోనూ ఒక భూగోళం బొమ్మకి జ్వరం థర్మామీటరు పెడుతున్నారు. మా పిల్లలు చేత్తో రాసిన అన్నేళ్ళ తేదీలు ఉంటే ఆ బొమ్మ అవసరమే ఉండేది కాదు. దాని గురించి తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

నేను అధికారుల్ని కోరేది ఒక్కటే. జనవరిలో పెట్టే ఫెయిర్ సంగతి జూన్‌లో, బడి తెరిచిన వారంలోనే చెప్పండి. వానాకాలమంతా పిల్లలకి దొరుకుతుంది. మార్కుల కాగితంలో నోటుబుక్కుకి కొన్ని మార్కులు కేటాయించండి, తేదీలు వేసిన, కొట్టివేతలున్న, నీళ్ళు ఒలికిన నోటుబుక్కుకి.

అదీ కుదరదు, పది రోజులే ఇస్తామంటే దోమ ఉంది. గుడ్డు నుంచి దోమయ్యేదాకా మన వేడికి వారం, పది రోజులు. సికింద్రాబాద్‌లో, ఇప్పటి బేగంపేట దగ్గర, రోనాల్డ్ రాస్ చేసింది ఆ పనే. సీసాల్లో పిల్లపురుగుల్ని తానే పెంచి, వాటి నుంచి లేచిన దోమల్ని హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి మీద వదిలి, కుట్టిన దోమకి అణా చొప్పున అతనికిచ్చి, నాలుగు రోజులు ఆగాడు. 1897 ఆగస్టు 20న కోసి చూస్తే కడుపు గోడలో మలేరియా క్రిమి దొరికింది. 1902లో నోబెల్ వచ్చింది. ఇందులో ఆయుర్దాయం సంగతీ ఉంది. మలేరియా క్రిమి దోమ ఒంట్లో తయారవడానికి పది రోజులు, ఆ పైన పడుతుంది. అంతకు ముందే దోమ చస్తే జ్వరం ఎవరికీ అంటదు. మగదోమ వారానికి కాస్త అటూ ఇటూ బతుకుతుంది, ఆడది వారాల తరబడి బతకగలదు. ఒక ఊరికి మలేరియా వస్తుందా రాదా అన్నది ఆ ఆడదోమ ఎన్ని రోజులు బతుకుతుందన్న దాని మీద ఆధారపడి ఉంది. ఇంతకంటే ‘జంతువులు - జీవితకాలం’ ప్రాజెక్టు ఏం కావాలి?

డాబా మీద తొట్టెలో నిలవ నీళ్ళు ఒక గాజుసీసాలో పట్టి, మూతికి పల్చటి గుడ్డ రెండు మడతలేసి రబ్బరు బ్యాండుతో బిగించమనండి. పిల్లపురుగు నీటి పైపొరకి సమాంతరంగా పడుకుంటే మలేరియా దోమ, తల కిందికి వేలాడితే వేరే జాతి. రోజూ ఎన్ని పిల్లపురుగులున్నాయో, ఎన్ని ప్యూపాలయ్యాయో, ఎన్ని రెక్కలొచ్చాయో రాయమనండి. గుడ్డ అస్సలు విప్పనివ్వకండి. పని అయ్యాక సీసా అలాగే ఫ్రిజ్ ఫ్రీజర్లో ఒక రాత్రంతా ఉంచి, ఆ నీళ్ళు ఎండిన ఇసకలో పారబోయించండి, మళ్ళీ తొట్టెలో పోయకుండా.